గడ్డ తీశారు, కుట్లు విప్పారు... భుజం ఎందుకు లేవడం లేదు?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మెడకు ఎడమ పక్కన చిన్న గడ్డ ఉంటే అక్కడికి మాత్రం మత్తు ఇచ్చి తీసేసి పరీక్షకు పంపారు. భయపడాల్సిందేమీ లేదు, మామూలు వాపేనని రిపోర్టు వచ్చింది. కుట్లు విప్పి రెండు వారాలైంది. అయినా ఎడమ చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోతున్నాను. చెవి తమ్మె మొద్దుబారింది. కుట్ల కింద మెత్తగా నీటి తిత్తిలా తగులుతోంది. చీము పడుతుందని మా అత్తగారు పప్పు, పెరుగు మాన్పించారు. భుజానికి, మెడకు ఉప్పు కాపడం పెడుతున్నాం. ఇవన్నీ వాటంతటవే తగ్గుతాయా?
- ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో జడ మాట దగ్గర ఆగిపోయానమ్మా. మిగతావన్నీ నిదానంగా సర్దుకునేవే. ఇది మాత్రం చూస్తూ ఊరుకోవాల్సింది కాదు.

మెడ పక్క భాగంలో చర్మానికి బాగా దగ్గరగా ఒక సన్నని నరం భుజానికి దిగుతుంది. స్పైనల్ యాక్సెసరీ నరం అంటాం. భుజాన్ని పైకి లేపి పట్టుకునే ట్రెపీజియస్ కండరానికి అదే ఆధారం. బయాప్సీకి తీసే లింఫు గ్రంథులు చాలాసార్లు ఈ నరాన్ని ఆనుకునే ఉంటాయి. తీసేటప్పుడు అది సాగవచ్చు, నలగవచ్చు, అరుదుగా తెగవచ్చు కూడా. గ్రంథి చిన్నదైనంత మాత్రాన ఈ ఆపరేషన్ చిన్నది కాదు.

ఒకసారి అద్దం ముందు నిలబడండి. ఎడమ భుజం కుడిదానికంటే కిందికి జారినట్టుందా? చెయ్యి పక్కకు చాచి భుజం ఎత్తు దాటించబోతే బరువెక్కి ఆగిపోతోందా? గాయం నొప్పి వల్ల చెయ్యి లేవకపోతే రోజురోజుకూ తేడా కనిపిస్తుంది. మూడు వారాలైనా ఉన్నచోటే ఉంటే నరం సంగతి చూడాల్సిందే. ఆపరేషన్ చేసిన డాక్టరు గారినే ముందు కలవండి. గ్రంథి ఎంత లోతులో, దేన్ని అంటుకుని ఉందో ఆయనకే తెలుసు. నరం, కండరం ఎంతవరకు పని చేస్తున్నాయో చెప్పే ఈఎంజీ పరీక్ష మూడు వారాలు దాటాక చేస్తేనే తేటగా తెలుస్తుంది. నలిగిన నరం కొన్ని నెలల్లో కోలుకుంటుంది. తెగినదైతే మొదటి కొద్ది నెలల్లోనే కలిపి కుట్టాలి, ఆలస్యమైతే కండరం ఎండిపోతుంది. బట్టలు కుట్టుకుని బతికే ఒకామె ఏడాది పాటు నొప్పి మాత్రలు మింగి నా దగ్గరికి వచ్చింది. మెడనొప్పేనని ఆమెకు అందరూ చెబుతూ వచ్చారట. అప్పటికి భుజం మీద కండ కరిగి ఎముక చేతికి తగులుతోంది. ఈ విషయం ఇంతగా రాస్తున్నది అందుకే.

ఈలోగా కీలు బిగుసుకుపోకూడదు. వెల్లకిలా పడుకుని కుడిచేత్తో ఎడమచేతిని పట్టి నెమ్మదిగా తల మీదికి తీసుకెళ్లండి. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే మంచిది. ఆ చేత్తో నీళ్ల బిందెలు ఎత్తవద్దు.

కాపడం ఈరోజే మానండి. చెవి తమ్మె, దవడ మూల మొద్దుబారడం చర్మానికి స్పర్శనిచ్చే నరం కదిలినందువల్ల. నెలలు గడిచేకొద్దీ ఆ మొద్దు చోటు కుంచించుకుపోతుంది, కొందరికి రూపాయి బిళ్లంత మిగిలిపోతుంది. ప్రమాదం లేదు. కానీ అక్కడ వేడి తెలియదు, ఉప్పు మూట చర్మాన్ని కాల్చినా మీకు తెలియదు.

నీటి తిత్తిలా ఉన్నది గ్రంథి తీసిన ఖాళీలో ఊరిన ద్రవం. ఎక్కువగా దానంతటదే ఇంకిపోతుంది, పెరిగితే సూదితో లాగేస్తారు. ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం ఆగకండి. పప్పు, పెరుగు, గుడ్డు వల్ల చీము పట్టదు. గాయం పూడటానికి కావలసిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: నాన్నగారికి 61 ఏళ్లు. చంకలో బిళ్ల కడితే సూది పరీక్ష చేశారు, తేలలేదన్నారు. తర్వాత గ్రంథి మొత్తం తీశారు. లింఫోమా అనుమానం, ఇంకా పరీక్షలు కావాలంటూ మరో పది రోజులు ఆగమంటున్నారు. కత్తి పెడితే జబ్బు పాకుతుందని బంధువులు అంటున్నారు. తప్పు చేశామా?
- వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తప్పు చేయలేదు. లింఫోమా అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్, గ్రంథి తీసినందువల్ల అది పాకదు. సూదితో వచ్చేవి విడి కణాలు. లింఫోమా ఏ రకమో తెలియాలంటే గ్రంథి లోపల ఆ కణాలు ఎలా అమరి ఉన్నాయో చూడాలి. అందుకే మొత్తం తీస్తారు. ఆ పది రోజుల్లో చేసేది ఇమ్యునో పరీక్ష, రంగులు వేసి కణాల జాతిని గుర్తుపట్టడం. మందు దాన్నిబట్టే మారుతుంది కాబట్టి ఈ ఆలస్యం అవసరమైనదే.

రిపోర్టుతో పాటు బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకోండి. బ్లాకు అంటే మీ నాన్నగారి గ్రంథి ముక్కను పొదిగిన మైనం దిమ్మ, అగ్గిపెట్టె కంటే చిన్నది, మీద నంబరు ఉంటుంది. మరో ఆసుపత్రికి వెళ్లినా మళ్లీ కోత లేకుండా దాన్నే పరీక్షిస్తారు. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి, మైనం మెత్తబడుతుంది. చంకలో కుట్లు మెడ కంటే కొంచెం ఆలస్యంగా విప్పుతారు. చెమట పట్టే చోటు, పౌడర్ వేయవద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. మెడలో గడ్డ తీస్తే టీబీ అని తేలింది. కంఠమాల అంటే ఇదేనా? ఇంట్లో వాళ్లకు అంటుతుందా? మందులు మొదలుపెట్టి మూడు వారాలైతే పక్కన మరో గడ్డ లేచింది.
- ఒక తల్లి, కర్నూలు

జవాబు: పెద్దలు కంఠమాల అన్నది ఎక్కువగా ఇదే. మన దేశంలో మెడ గ్రంథులు ఉబ్బడానికి మొదట అనుమానించే జబ్బుల్లో టీబీ ఒకటి. గ్రంథుల్లో మాత్రమే ఉంటే గాలి ద్వారా ఇతరులకు సోకదు. ఊపిరితిత్తుల్లో లేదని ఛాతీ ఎక్స్‌రేతో తేల్చుకోండి. వేరే కంచం, వేరే గది అక్కర్లేదు తల్లీ. ఆ వయసు పిల్లను జబ్బు కంటే అదే ఎక్కువ బాధ పెడుతుంది.

మందులు పని చేస్తున్నా కొత్త గడ్డ లేవడం, ఉన్నది ఉబ్బడం ఈ జబ్బులో జరుగుతుంటుంది. దాన్ని చూసి మాత్రలు ఆపితేనే ముప్పు. డాక్టరుకు చూపించి, ఆరు నెలల కోర్సు కొనసాగించండి. తీసిన ముక్కలో మందులకు లొంగని క్రిమి ఉందేమో చూశారా, సీబీనాట్ చేశారా అని అడగండి. ఇంకా ఆపరేషన్ కాని వారు కొంత ముక్కను ఫార్మలిన్‌లో కాకుండా సెలైన్‌లో కూడా పంపమని ముందే కోరండి. ఫార్మలిన్‌లో క్రిమి చనిపోతుంది, కల్చర్ చేయడానికి వీలుండదు.

ప్రభుత్వ కేంద్రంలో పేరు నమోదైతే మందులు ఉచితం. టీబీ రోగుల పోషకాహారానికి ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడవద్దని అమ్మాయికి చెప్పండి, అది రిఫాంపిసిన్ మాత్ర రంగు.