రసాల గుజ్జుకు ఎంత వేడి?

బెజవాడ గోంగూర సహజంగానే పుల్లన. బాగా పండిన నూజివీడు చిన్నరసాల మామిడిలో అంత పులుపుండదు; అందుకే గుజ్జును డబ్బాలకెత్తే ముందు సిట్రిక్ ఆమ్లం కలిపి, పిహెచ్‌ను 4.6 కంటే బాగా దించుతారు. ఆ హద్దుకు దిగువన బొట్యులినమ్ అనే విషపు బ్యాక్టీరియా బీజాలు చావకపోయినా మొలకెత్తలేవు. కాబట్టి వాటిని చంపే 121 డిగ్రీల వేడి అక్కర్లేదు. ఈస్టులు, బూజులు, పులుపును ఓర్చుకునే బ్యాక్టీరియా నశిస్తే చాలు.

ఈ వేడికి కొలమానం పి-విలువ: అందిన వేడి ప్రామాణిక ఉష్ణోగ్రత దగ్గర ఎన్ని నిమిషాలకు సమానమో అది చెబుతుంది. ప్రామాణిక ఉష్ణోగ్రత 93.3 డిగ్రీల సెల్సియస్, జెడ్-విలువ (చచ్చే వేగం పదింతలు మారడానికి కావలసిన డిగ్రీల తేడా) 8.3 అనుకుంటే, 85 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు చచ్చే వేగం పదో వంతే. 85 దగ్గర 50 నిమిషాలు, 93.3 దగ్గర 5 నిమిషాలతో సమానం.

లెక్కకు తీసుకోవలసింది డబ్బా చుట్టూ మరిగే నీటి వేడి కాదు. చిక్కటి గుజ్జులో వేడి మెల్లగా పాకుతుంది. డబ్బా నడిమధ్య భాగం అన్నిటికంటే ఆలస్యంగా కాగుతుంది. వేడిని కొలిచే థర్మోకపుల్ మొన ఉండవలసింది అక్కడే. ఇక గుజ్జులో పండు ముక్కలుంటే, కలిపిన పులుపు వాటి లోపలికి దిగాకే పిహెచ్ చూడాలి.