తేదీ దాటినా నొప్పులు రాకపోతే?

“పండు పండితే అదే రాలుతుంది సిస్టర్, తొందరెందుకు?” అని గర్భిణి వెంట వచ్చిన పెద్దవాళ్ళు మాతో అంటుంటారు. నిజమే, తేదీకి నాలుగు రోజులు అటూ ఇటూ కాన్పు కావడం మామూలే. అయితే ఎదురుచూడడానికి ఒక హద్దు ఉంది.

తేదీ లెక్క

చివరి బహిష్టు మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలిపితే ప్రసవ తేదీ వస్తుంది. అప్పటికి 40 వారాలు నిండుతాయి. ఉదాహరణకు బహిష్టు జనవరి 1న అయితే ప్రసవ తేదీ అక్టోబరు 8. అక్టోబరు 15కి 41 వారాలు, 22కి 42 వారాలు. బహిష్టు సరిగా రాని వారిలో ఈ లెక్క తప్పవచ్చు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ లెక్క ఎక్కువ నమ్మదగినది. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి.

బిడ్డకు కలిగే ప్రమాదాలు

బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు మాయ ద్వారానే అందుతాయి. రోజులు మీరిన కొద్దీ మాయ పనితనం తగ్గవచ్చు. ఉమ్మనీరు తగ్గితే బొడ్డుతాడు నొక్కుకుపోవచ్చు. బిడ్డ లోపలే మలవిసర్జన చేసి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే పుట్టగానే ఊపిరి అందదు. కొందరు బిడ్డలు బాగా పెరిగి, కాన్పులో భుజాలు ఇరుక్కుంటాయి. కడుపులోనే బిడ్డ చనిపోవడం అరుదే అయినా, 41 వారాలు దాటాక ఆ ప్రమాదం పెరుగుతూ పోతుంది.

తల్లికి కలిగే ప్రమాదాలు

నొప్పులు ఎక్కువసేపు సాగడం, బిడ్డ పెద్దదైతే కాన్పుదారి చిరగడం, కాన్పు తర్వాత అధిక రక్తస్రావం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్ అవసరం కావడం.

మీరు చేయవలసినవి

1. తేదీ వచ్చినా నొప్పులు రాకపోతే ఆసుపత్రికి తీసుకురండి. బిడ్డ గుండె చప్పుడు, ఉమ్మనీరు పరీక్షిస్తారు.

2. భోజనం తర్వాత ఆమెను ఎడమవైపు పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టమనండి. 2 గంటల్లో 10 కంటే తక్కువైతే వెంటనే రండి. ఎప్పటికంటే తగ్గాయనిపిస్తే లెక్క కోసం కూడా ఆగవద్దు.

3. ఉమ్మనీరు పోయినా, అది ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనబడినా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి.

4. నొప్పులు రావాలని ఇంట్లో ఆముదం, నాటు మందులు ఇవ్వవద్దు.

5. 41 వారాలు నిండితే నొప్పులు రప్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. బి.పి., షుగర్ ఉంటే డాక్టరు గారు ఇంకా ముందే చెప్పవచ్చు. ముందు కాన్పు ఆపరేషన్ అయితే ఆ సంగతి తప్పక చెప్పండి. నొప్పుల మందు పెడితే ఆపరేషన్ అవుతుందని భయపడకండి. సరైన సమయంలో పెడితే ఆ అవసరం పెరగదు.

“అమావాస్య వెళ్ళనివ్వండి” అని డాక్టరు గారు చెప్పిన రోజును వాయిదా వేయకండి. కదలిక తగ్గిందని ముందుగా తెలిసేది తల్లికే. ఆమె ఆ మాట అంటే, “బిడ్డ నిద్రపోతోందిలే” అని కొట్టివేయకుండా వెంటనే బయలుదేరండి.