ఉంగరపు కథలోని కతోలిక భావములు

గత విద్యాసంవత్సరమున మా పాఠశాల పూర్వ విద్యార్థి యొకడు గ్రంథాలయమునకు కొన్ని ఆంగ్ల పుస్తకములు బహూకరించెను. అందు జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను బృహత్కథ మూడు సంపుటములుగా నున్నది. 2001 మొదలు 2003 వరకు వెలువడిన చలనచిత్రముల వలన ఆ కథ పేరు పిల్లలకు ముందే తెలియును గనుక, పై తరగతులవారు దానిని వంతులు వేసికొని చదువసాగిరి. నెల తిరుగక మునుపే ఇద్దరు మమ్ము చూడవచ్చిరి. మొదట వచ్చిన తండ్రిగారు, ఇది క్రైస్తవ మతగ్రంథమని తాము వింటిమనియు, కథ పేరిట పిల్లలకు మతబోధ జరుగుట తమకు సమ్మతము కాదనియు చెప్పిరి. పిదప వచ్చిన తల్లిగారు కతోలిక కుటుంబమునకు చెందినవారు. మాంత్రికులును, పిశాచములును, మాయ యుంగరములును నిండిన పుస్తకము తమ బిడ్డ విశ్వాసమునకు చెరుపు చేయునని ఆమె భయము. ఒకే పుస్తకమును మతమున్నదని ఒకరును, లేదని ఒకరును తీసివేయుమనిరి.

అప్పుడు మేము ఉభయులకును తగిన సమాధానము చెప్పలేకపోతిమి. కారణము సిగ్గుపడదగినది: పుస్తకమును మేము చదివి యుండలేదు. వేసవి సెలవులలో చదివితిమి. రచయితను గూర్చియు కొంత తెలిసికొంటిమి. ఆ ఇరువురికి నాడు చెప్పవలసి యుండిన మాటలనే ఇప్పుడు తల్లిదండ్రులందరికి విన్నవించుచున్నాము.

టోల్కీన్ 1892 జనవరి 3వ తేదీన నేటి దక్షిణాఫ్రికాలోని బ్లూంఫొంటేన్ నగరమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి మేబెల్ ఇద్దరు కుమారులతో ఇంగ్లండున బర్మింగ్‌హామ్ ప్రాంతమున కాపురముండి, లాటిను, ఫ్రెంచి, జర్మను భాషల మొదటి పాఠములు పెద్ద కుమారునికి ఇంటనే చెప్పెను. 1900లో ఆమె రోమను కతోలిక సంఘమున చేరెను. ఆ దేశమున అధికసంఖ్యాకులు ప్రొటెస్టంటులు, కతోలికులు కొద్దిమంది. బంధువులు ఆగ్రహించిరి, సోదరి భర్త తాను చేయుచుండిన ధనసహాయమును మానివేసెను. లేమిలోనే ఆమె పిల్లలను తన విశ్వాసమున పెంచి, 1904 నవంబరులో మధుమేహముచే మరణించెను. ఇన్సులిన్ 1922లో గాని రోగులకు అందలేదు. పండ్రెండేండ్ల బాలుని పోషణభారమును బర్మింగ్‌హామ్ ఆరటరీ మఠమునకు చెందిన ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్ అను గురువు వహించెను. తన తల్లి విశ్వాసము కొరకే ప్రాణము ధారపోసెనని టోల్కీన్ కడవరకు తలచెను. అల్పసంఖ్యాకుల ఇంటిలో తల్లి యిచ్చిన సొత్తు ఎట్టిదో ఈ పత్రిక చదువువారికి మేము వివరింప బనిలేదు.

ఆ బాలుడే తరువాత ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్ల భాషాచార్యుడయ్యెను. 1937లో ‘ది హాబిట్’ అను పిల్లల కథను, 1954, 1955 సంవత్సరములలో ఈ పెద్ద కథను ప్రకటించెను.

కథ ఎరుగనివారికి ఒక పోలిక చెప్పెదము. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు తన ప్రాణమును ఏడు సముద్రముల కావల నున్న చిలుకలో దాచుకొనెను గదా. ఇచటను సౌరాన్ అను దుష్టప్రభువు తన శక్తిలో అధికభాగమును ఒక ఉంగరమున నిక్షేపించెను. తన ఉంగరము అట్టి పురాతన కథాసంప్రదాయమునకు చెందినదేయని టోల్కీన్ స్వయముగా ఒక లేఖలో ఒప్పుకొనెను. కాని యొక భేదము కలదు. మన కథలో బాలవర్ధిరాజు చిలుకను వెదకి పట్టుకొనవలెను. ఇచట ఉంగరము మొదటనే మంచివారి చేతికి చిక్కినది. దానిని వాడుకొనక, అది పుట్టిన అగ్నిపర్వతమునకే కొనిపోయి పారవేయవలెను. ఆ పనికి పూనుకొన్నవాడు ఫ్రోడో. హాబిట్లనగా మూడు నాలుగడుగుల పొడవు గల శాంతజనులు. భోజనమనిన మిక్కిలి మక్కువ గలవారు. ఫ్రోడోకు తోడు సామ్ అను తోటమాలి.

ఇక మొదటి తండ్రిగారి సందేహము. గ్రంథమంతయు వెదకినను అందు దేవాలయము లేదు, పూజారి లేడు, క్రీస్తు నామము లేదు. ఒకచోట కొందరు యోధులు భోజనమునకు ముందు పడమటి దిక్కునకు తిరిగి క్షణకాలము మౌనముగా నిలుచుటయు, ఆపదలో ఎల్బెరెత్ అను దేవత పేరు తలచుటయు తప్ప ఆరాధనయే కానరాదు. ఇది మరపుచే జరిగినది కాదు. 1953లో రాబర్ట్ మర్రీ అను జెస్యూటునకు వ్రాసిన లేఖలో, తన గ్రంథము మూలమున మతసంబంధమైనదనియు, కతోలికమైనదనియు, కనుకనే బాహ్యమైన మతాచారములను దాదాపుగా తీసివేసితిననియు, ఆ భావము కథలోనే లీనమైనదనియు ఆయన తెలిపెను. బోధించు కథ యన్న ఆయనకు గిట్టదు. ఆయన మిత్రుడు సి. ఎస్. లూయిస్ ‘నార్నియా’ కథలలో సింహరూపమున క్రీస్తును తలపించెను. టోల్కీనుకు ఆ కథలు రుచింపలేదు.

గుర్తులు మాత్రము కలవు. దేశసంచారులకు ఎల్ఫులు అను దివ్యజాతివారు ఆకులలో చుట్టి యిచ్చు లెంబాస్ అను రొట్టె యొకటి కలదు. ఇతరాహారముతో కలపక దానినే నమ్ముకొన్న కొలది అది శరీరమునకంటె సంకల్పమునకు బలమిచ్చును. దుష్టుడైన గొల్లమ్ నోట అది ధూళివలె నుండును. మరణసమయమున కతోలికులకు ఇచ్చు దివ్యసత్ప్రసాదమునకు లాటినులో ‘దారిబత్తెము’ అను అర్థము గల పేరున్నది. ఆ పోలికను పాఠకు లొకరు గుర్తింపగా టోల్కీన్ కాదనలేదు. యాత్రికులు బయలుదేరినది డిసెంబరు 25న, ఉంగరము నశించినది మార్చి 25న. మొదటిది క్రిస్మసు; రెండవది మంగళవార్త పండుగ, క్రీస్తు సిలువపై మరణించినది కూడ ఆ దినముననే యని మధ్యయుగముల విశ్వాసము. గలాడ్రియెల్ అను రాణి పాత్ర మరియమాతను గూర్చిన బోధకు ఋణపడినదని ఆయన యొప్పుకొని, ఆమె పశ్చాత్తప్తురాలు గాని నిష్కళంక కాదని హెచ్చరించెను. ఈ హెచ్చరికను మరచి ప్రతి పాత్రకును ప్రతి కొండకును ఒక మతార్థము కట్టు విమర్శకులు కొందరు గలరు. అది పొడుపుకథ విప్పుటయే గాని కథ చదువుట కాదని మా అభిప్రాయము.

అసలు సారము కరుణలో నున్నది. గొల్లమ్ అనువాడు ఒకప్పుడు హాబిట్టు వంటివాడే; ఉంగరము కొరకు చెలికానిని చంపి, దానితో చీకటి గుహలో బహుకాలము కృశించి, దానినే ‘నా బంగారము’ అను రీతిగా లాలించుచు హీనుడైనవాడు. ఫ్రోడో పెంపుడు తండ్రియగు బిల్బో ఆ గుహలో వానిని చంపగలిగియు జాలిపడి విడిచెను. 1937 నాటి మొదటి ముద్రణలో ఈ జాలి ఘట్టము లేదు. 1951 ముద్రణకై టోల్కీన్ ఆ ప్రకరణమును తిరిగి వ్రాసి చేర్చెను. పెద్ద కథకు అదియే ఇరుసు. నాడే చంపకపోయెనే యని ఫ్రోడో విసుగుకొనగా, వృద్ధ మాంత్రికుడు గాండాల్ఫ్ మరణతీర్పునకు తొందరపడరాదని వారించును. తరువాత ఫ్రోడోయు వానిని కనికరించును. తుదకు అగ్నిపర్వతపు పార్శ్వమున సామ్ సహితము కత్తి దించును.

నడుమ నొక చిన్న ఘట్టము కలదు. శత్రుదేశపు మెట్ల మీద ఫ్రోడో నిద్రించుచుండగా గొల్లమ్ వచ్చి, మనసు కరగి, అతని మోకాలిని మెల్లగా తాకును. మరు నిమిషమున మారిపోవునేమో యనిపించును. అంతలో సామ్ మేల్కొని, దొంగవలె నక్కి వచ్చితివా యని కసరును. ఆ క్షణము దాటిపోవును. ఇట మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. చాల యేండ్ల క్రిందట పొరుగువాని జామెట్రీ పెట్టె తీసిన బాలుడొకడు సాయంకాలము మా గది వాకిట వచ్చి నిలువగా, వాడు నోరు తెరువక మునుపే మేము గద్దించి పంపితిమి. పెట్టె మరునాడు గుమ్మము కడ దొరికినది. వాడు మరల బడికి రాలేదు.

తుది ఘట్టమున ఫ్రోడో ఓడిపోవును. అంత శ్రమపడి అగ్ని యంచున నిలిచి, ఉంగరమును వదలలేక తనదని ప్రకటించును. గొల్లమ్ వాని వ్రేలు కొరికి ఉంగరమును లాగుకొని, సంతోషముచే గంతులు వేయుచు అగ్నిలో పడును. వీరుని బలముచే గాక, అంతకు ముందు మువ్వురు చూపిన దయ ఫలముగా లోకము బ్రదికినది. దీనిని వివరించుచు టోల్కీన్ పరలోక జపమును స్మరించెను: క్షమించువారము గనుక క్షమింపుమనియు, శోధనకు లోను చేయవద్దనియు అడుగుట అందు ప్రక్కప్రక్కనే యున్నవి. మనుష్యుడు తన శక్తికొలది నడచిన పిమ్మట మిగిలిన దూరము కృపచే దాటునను కతోలిక బోధయే ఇచట కథగా మారినది. సిద్ధాంతమను మాట మాత్రము ఒక్కటియు లేదు.

మాంత్రికులను గూర్చి భయపడిన తల్లిగారికి ఒక మాట. గాండాల్ఫ్ క్షుద్రవిద్య నేర్చినవాడు కాడు. లోకరక్షణకై పంపబడిన దూత వంటివాడు. ఉంగరము నిచ్చినపుడు అతడు వలదనును, మేలు చేయుకోరికయే తనను చెరుపునని జడిసి. గలాడ్రియెల్ కూడ వలదనును. బొరొమీర్ అను యోధుడు తన నగరమును కాపాడు నెపమున దానిని బలిమిని లాగుకొనబోయి, తరువాత శత్రువుల బాణములచే కూలి, చనిపోవుచు తన తప్పును ఆరగార్నునకు చెప్పుకొనును. ఆ పుట చదివినపుడు పాపసంకీర్తనము ఎరిగిన ఆమెకు వేరు వ్యాఖ్య అక్కరలేదు. మరియు చెడుకు సృష్టించు శక్తి లేదనియు, ఉన్నదానిని వికృతము చేయుటయే దానికి చేతనగుననియు ఈ కథలో పలుమారు చెప్పబడినది.

టోల్కీన్ 1973లో మరణించెను. 1960లలో కతోలిక పూజ లాటిను నుండి ఆంగ్లమునకు మారిన పిమ్మట, అందరు ఆంగ్లమున బదులు పలుకుచుండగా ఈయన మాత్రము బిగ్గరగా లాటినులోనే పలికెడివాడనియు, ప్రక్కనున్న తనకు సిగ్గుగా నుండెడిదనియు మనుమడు సైమన్ వ్రాసెను. అది తల్లి మొదట నేర్పిన భాష గదా.

పుస్తకములను తీసివేయలేదు. మూడు సంపుటములును మా గదిలోని అద్దాల బీరువాలో నున్నవి. తొమ్మిదవ తరగతి మొదలు ఇచ్చుచున్నాము. శనివారము మధ్యాహ్నము తల్లిదండ్రులును వచ్చి తీసికొనవచ్చును. మొదటి సంపుటము ప్రస్తుతము ఆ తండ్రిగారి యొద్దనే యున్నది.