వంతెన దాటాకే దిగు

చీరాల,
ఆదివారం మధ్యాహ్నం.

చిట్టితల్లీ,

నీ ఇటలీ ప్రయాణం కాగితం మీ నాన్న నాకు పంపాడు. పంపి ఊరుకున్నాడా? "అన్నయ్యా, ఏడుగురు పిల్లలు, ఆరు రోజులు, ఆరు ఊళ్ళు, అన్నీ రైళ్ళేనట. రోమ్ స్టేషన్లో జేబుదొంగలట. నువ్వైనా చెప్పు" అని ఫోన్లో అరగంట. జేబుదొంగల సంగతి వదిలెయ్. సంచీ ముందుకు తగిలించుకో, ఫోను వెనక జేబులో పెట్టకు. బెజవాడ స్టేషన్ పక్క క్వార్టర్సులో పెరిగిన పిల్లవి, నీకు నేను కొత్తగా చెప్పేదేముంది? నా భయం వేరు.

నీ కాగితంలో ఊళ్ళ పేర్లున్నాయి. స్టేషన్ల పేర్లు లేవు.

ముప్ఫై అయిదేళ్ళు రైల్వేలో చేసినవాడి కంటికి అదెలా ఉంటుందో తెలుసా? శుభలేఖలో ఊరు వేసి కల్యాణ మండపం పేరు మర్చిపోయినట్టు. హైదరాబాద్ వస్తున్నానని ఎవరైనా అంటే నాంపల్లా, సికింద్రాబాదా, కాచిగూడా అని అడుగుతామా లేదా? అక్కడా అంతే. రోమ్‌లో తెర్మిని ఉంది, తిబుర్తీనా ఉంది. ఫ్లోరెన్స్‌లో మీరు దిగాల్సింది శాంతా మరియా నొవెల్లా. కాంపో ది మార్తె అనీ రిఫ్రెది అనీ ఇంకో రెండున్నాయి, పొరపాటున కూడా దిగొద్దు. పైగా టికెట్ మీద ఫ్లోరెన్స్ అని ఉండదు, ఫిరెంజె అని ఉంటుంది. వెనిస్ వెనేత్సియా, నేపుల్స్ నాపొలి. మన మాటల్లాగే వాళ్ళవీ అచ్చులతో ముగుస్తాయి కనక నోరు తిరక్కపోవడమేమీ ఉండదు. ఏడుగురూ పైకి చదివి నేర్చుకోండి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఈ విషయంలో రెండుసార్లు భంగపడినవాణ్ణి.

మొదటిది 1974లో. అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేరి ఎనిమిది నెలలు, అంటే రైళ్ళన్నీ నా జేబులో ఉన్నాయనుకునే రోజులు. పెళ్ళిచూపులకి పాసింజర్లో రాజమండ్రి బయల్దేరాను. కొవ్వూరు దాటి బండి వంతెన ఎక్కింది. ఆడవాళ్ళంతా కిటికీల దగ్గరికి చేరి గోదావరికి దణ్ణాలు పెడుతున్నారు, పైసలు విసురుతున్నారు. నేనూ ఓ పావలా విసిరాను, అసలే పెళ్ళిచూపులు కదా. వంతెన దిగి బండి ఆగగానే పక్కాయన "రాజమండ్రి వచ్చేసింది" అన్నాడు. దూకేశాను. బండి వెళ్ళిపోయాక తలెత్తి బోర్డు చూస్తే "గోదావరి". రాజమండ్రి స్టేషను ఆ తరవాతది! మీ పెద్ద మావయ్య అక్కడ ప్లాట్‌ఫారం మీద నాకోసం ఎదురు చూస్తున్నాడు. నేను రిక్షా మాట్లాడుకుని అడ్రసు పట్టుకుని తిన్నగా ఇంటికి పోయాను. అరుగు మీద ఓ అమ్మాయి తల విరబోసుకుని చిక్కు తీసుకుంటోంది. మంచినీళ్ళు అడిగితే లోపలికెళ్ళి చెంబుతో తెచ్చిచ్చింది. మెడ మీద నూనె మరక, దువ్వెన ఇంకా జుట్టులోనే ఉంది. నేనెవరో తనకి తెలీదు, తనెవరో నాకు తెలీదు. తరవాతి సంగతి నీకు తెలిసిందేగా.

రెండోది 2018లో, మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళినప్పుడు. ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ పోతున్నాం. పాదువా దాటాక మైకులో "వెనేత్సియా" అని వినపడింది. ఆ వెనకాల "మేస్త్రె" అని కూడా అన్నాడట, నా చెవికి అందలేదు. నాలుగు సంచులతో మీ పెద్దమ్మని దించేశాను. బయటికొస్తే కాలవల్లేవు, పడవల్లేవు. బస్సులు, కార్లు, మన బెంజి సర్కిల్లాంటి రద్దీ. వెనిస్ పేరుతో రెండు పెద్ద స్టేషన్లున్నాయమ్మా. వెనేత్సియా మేస్త్రె గట్టు మీద ఉంటుంది. వెనేత్సియా శాంతా లూచియా నీళ్ళకవతల, దీవి మీద. మధ్యలో 1846లో కట్టిన రైలు వంతెన, మూడున్నర కిలోమీటర్ల పైమాటే. మా టికెట్ ఆ ఒక్క బండికే పనికొస్తుంది కనక మళ్ళీ లోకల్ టికెట్లు కొనుక్కుని పది నిమిషాల ప్రయాణం చేశాం. వంతెన మీద మీ పెద్దమ్మ నీళ్ళకేసి చూస్తూ "మళ్ళీ గోదావరి స్టేషనేనా?" అంది. రాజమండ్రిలో వంతెన దాటగానే దిగి తప్పు చేశాను. వెనిస్‌లో వంతెన దాటకుండా దిగి తప్పు చేశాను. నువ్వు మాత్రం వంతెన దాటి, పట్టాలు అయిపోయి, బండి ఇంక పోవడానికి దారే లేనప్పుడు దిగు. శాంతా లూచియా డెడ్ ఎండ్ స్టేషను.

డెడ్ ఎండ్ అంటే గుర్తొచ్చింది. ఫ్లోరెన్స్, తెర్మిని కూడా అంతే. మన విశాఖలోలాగా బండి వచ్చినవైపే మళ్ళీ బయల్దేరుతుంది. వెనక్కి పోతోందని మీలో ఎవరో ఒకరు కంగారుపడి లేస్తారు. లేవనివ్వకు.

ఇంకొకటి. స్టేషన్లో పెద్ద బోర్డు మీద బండి చివరికి చేరే ఊరు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మీరు దిగే ఊరు కాదు. రోమ్‌లో "ఫిరెంజె" కోసం వెతికితే ఎంతసేపటికీ దొరక్కపోవచ్చు. మీ బండి "వెనేత్సియా" అనో "మిలానో" అనో ఉంటుంది. అందుకే బండి నంబరు చూసుకోవాలి. "బినారియో" అంటే ప్లాట్‌ఫారం. అది ఆఖరి పావుగంటలో వేస్తారు, అప్పుడు ఏడుగురిలో ఒకరు కాఫీకి పోయి ఉంటారు. అందుకే తలలు లెక్కపెట్టే పని ఒకరికి అప్పగించు. నువ్వే తీసుకుంటావని తెలుసు, చిన్నప్పుడు తిరుపతి ప్రయాణంలో చెప్పులు కూడా లెక్కపెట్టినదానివి.

స్పీడు బళ్ళకి ఇప్పుడే కొనండి. రోజు దగ్గరపడేకొద్దీ రేటు పెరుగుతుంది. కాకపోతే బాగా చవకైన టికెట్ మార్చుకోవడానికుండదు. ఏడు సీట్లూ ఒకే బోగీలో తీసుకోండి. లోకల్ బళ్ళకి తొందర లేదు, రేటు మారదు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న మిషన్లో ముద్ర వేయించాలి. మర్చిపోతే జరిమానా. జరిమానా రాసే అబ్బాయిని తిట్టకు. నేనూ రాశాను, ఆ ఉద్యోగం అలాంటిది.

నీ ప్లానుకి ఎర్ర పెన్సిలు పెట్టాను, కోపం తెచ్చుకోకు. నేపుల్స్, మిలాన్ కొట్టేశాను. మిలాన్‌లో లియొనార్డో గోడబొమ్మ, "లాస్ట్ సప్పర్", చూడాలంటే ముందే టికెట్ కావాలి, లోపల పావుగంట మాత్రమే ఉండనిస్తారు. మీ దగ్గర ఆ టికెట్ లేదు, ఇంకెందుకు పరుగు? ఆదివారం వాటికన్ మ్యూజియం అని రాశావు. నెలలో చివరి ఆదివారం తప్ప మూసేస్తారు, మీది రెండోది. సోమవారం ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియం అన్నావు, సోమవారం దానికి సెలవు. ఈ రెండూ తలుపుల దాకా వెళ్ళి వెనక్కొచ్చే బాపతు. ఆదివారం రోమ్ వీధుల్లో తిరగండి. సోమవారం పొద్దున్న వాటికన్, సాయంత్రం గంటన్నర రైలు, ఫ్లోరెన్స్‌లో రెండు రాత్రులు. మంగళవారం ఉఫీజీ. పీసా సంగతి మీ ఇష్టం, లోకల్లో గంట. బుధవారం పొద్దున్నే వెనిస్.

ఆ రోమ్–ఫ్లోరెన్స్ లైను మీద బండి గంటకి 250 కిలోమీటర్లు పోతుంది. అందులో మొదటి ముక్క 1977లోనే తెరిచారు. ఆ ఏడు నేను బిట్రగుంటలో బొగ్గు ఇంజన్ల పొగలో కళ్ళు నులుముకుంటూ జెండా ఊపుతున్నాను. కిటికీ పక్కన కూర్చుని నా బదులు నువ్వు చూడు. ఫోను చూస్తూ కూర్చోకు.

పెద్ద పెట్టెలు వద్దు. వెనిస్ స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా కాలవే, ఆటో లేదు, వంతెనలు దాదాపు అన్నీ మెట్లే. నీ ఎడమ మోకాలు ఇంకా నొప్పి పెడుతోందని మీ అమ్మ చెప్పింది. నాకు ఎందుకు చెప్పలేదు? పట్టీ పెట్టుకో. మీ పెద్దమ్మ ఇంకోటి రాయమంటోంది: రోమ్ వీధుల్లో ఎప్పుడూ పారుతుండే కుళాయిల నీళ్ళు తాగచ్చట, సీసాలకి డబ్బు తగలెయ్యద్దట. కాఫీ నిలబడి తాగితే చవకట. ఇది ఆవిడ కనిపెట్టినదే, నన్ను అయిదు రోజులు నిలబెట్టింది.

మీరు తిరుగు విమానం ఎక్కేది మార్కో పోలో విమానాశ్రయంలో. ఆ వెనిస్ ఆయన ఏడువందల ఏళ్ళ కిందట మన పక్క మోటుపల్లి రేవు గురించి, ఇక్కడి సన్నబట్ట గురించి, రాజ్యమేలిన రాణి గురించి తన పుస్తకంలో చెప్పుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవే. ఆయన స్టేషన్ పేర్ల గొడవ లేకుండా వచ్చాడు, అదృష్టవంతుడు.

స్టేషన్ల పూర్తి పేర్లతో కాగితం తిరగరాసి పంపు. డబ్బులు తక్కువైతే మీ నాన్నని అడక్కు, నాకు చెప్పు. శాంతా లూచియాలో దిగగానే ఫోన్ చెయ్యి, ఇక్కడ ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను. మేస్త్రె స్టేషన్ బోర్డు ఫోటో కూడా ఒకటి పంపమంటోంది మీ పెద్దమ్మ. రైల్లోంచే తియ్యాలట, దిగకుండా.

ఇట్లు,
పెదనాన్న