సెలవుల్లో నీటిరంగులు: చోడవరంలో పది రోజులు

సెమిస్టర్ పరీక్షలు అయిపోయి ఇంటికెళ్లిన మూడో రోజే అమ్మ మొదలెట్టింది. "రోజంతా ఆ ఫోన్ చూసుకుంటూ పడుకునే బదులు ఈ పిల్లలకి ఏదైనా నేర్పొచ్చు కదరా" అని. ఈ పిల్లలంటే మా పిన్ని పిల్లలు ఇద్దరు, మా వీధి పిల్లలు ఐదుగురు. ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఉన్నారు. మా ఊరు చోడవరం. 2022 ఏప్రిల్ నుంచి మాది అనకాపల్లి జిల్లా అయినా, మా మామ్మ మాత్రం ఎవరడిగినా విశాఖపట్నం జిల్లా అనే చెప్తుంది.

నేనేమీ ఆర్టిస్టుని కాదు. ఫస్టియర్‌లో డ్రాఫ్టర్ పట్టుకుని ఐసోమెట్రిక్ వ్యూలు గీసి బతికి బయటపడ్డవాళ్లలో ఒకడిని, అంతే. కానీ హాస్టల్లో ఖాళీ దొరికినప్పుడల్లా నీటిరంగులతో కుస్తీ పడుతూ రెండేళ్లు గడిపాను కాబట్టి, ఎక్కడెక్కడ తప్పులు జరుగుతాయో బాగా తెలుసు. వచ్చే సెలవుల్లో మీరెవరైనా మీ వీధి పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే పనికొస్తుందని, ఆ పది రోజుల్లో ఏం చేశామో, నేనెక్కడ బోల్తా పడ్డానో రాస్తున్నాను.

ముందు సరుకులు. పిల్లల బొమ్మలు పాడవడానికి సగం కారణం కాగితమే. జెరాక్స్ పేపర్ మీద నీళ్లు పడగానే అది అప్పడంలా ఉబ్బుతుంది, రంగు గుంటల్లోకి చేరుతుంది, పిల్లాడు "నాకు రాదు" అని తీర్మానించేసుకుంటాడు. అందుకని స్టేషనరీ షాపులో మందపాటి డ్రాయింగ్ షీట్లు తీసుకున్నాను. 22 అంగుళాలు, 28 అంగుళాలు ఉండే పెద్ద షీటుని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 11, 7 అంగుళాలొస్తుంది. పిల్లలకి ఆ సైజు చాలు. పెద్ద కాగితం ఇస్తే నింపలేక విసిగిపోతారు. ఆ ముక్కని పరీక్ష అట్ట మీద పెట్టి నాలుగు వైపులా మాస్కింగ్ టేపు అంటిస్తే ఎక్కువ ఉబ్బదు. ఆఖర్న టేపు పీకినప్పుడు చుట్టూ తెల్లటి అంచు వస్తుంది చూడండి, ఆ క్షణం కోసమే మా పిల్లలు బొమ్మ పూర్తిచేసేవాళ్లు.

రంగులు కేమెల్ బిళ్లల పెట్టెలే. బ్రష్షులు మనిషికి రెండు, గుండ్రటివి, ఒకటి లావుది ఒకటి సన్నది. పాలెట్ బదులు స్టీలు పళ్లెం. సగానికి కోసిన వాటర్ బాటిళ్లు రెండేసి: ఒకటి బ్రష్ కడగడానికి, రెండోది రంగులో కలుపుకునే మంచినీళ్లకి. ఈ రెండో బాటిల్ దగ్గర కక్కుర్తి పడకండి. మురికినీళ్లతో కలిపిన పసుపు పసుపులా ఉండదు. తాతయ్య పాత పంచె చింపి తలా ఒక గుడ్డముక్క ఇచ్చాను.

ఇంకో పని చేశాను. ప్రతి పెట్టెలోంచి తెల్ల బిళ్ల, నల్ల బిళ్ల తీసి దాచేశాను. మొదటిరోజే గొడవ.

"ఏటన్నియ్యా, తెల్లరంగు నేదేటి? మేఘాలెలా ఎయ్యాలి?"

"కాగితం ఏ రంగు?"

"తెలుపే."

"మరింకేం? మేఘం ఉన్నచోట ముట్టుకోకు."

నీటిరంగు అసలు కిటుకు ఇదే. గోడకి వేసే పెయింట్ వెనకున్నదాన్ని కప్పేస్తుంది. నీటిరంగు అలా కప్పదు. వెలుతురు ఆ పల్చటి పొరలోంచి దూరి, కింది కాగితాన్ని తాకి, వెనక్కి వస్తుంది. అంటే మన బొమ్మలో దీపం కాగితమే. రంగు పల్చబడాలంటే తెలుపు కాదు, నీళ్లు కలపాలి. ముదురు రంగు వేశాక దాని మీద లేతది వేస్తే కనబడదు కాబట్టి ఎప్పుడూ లేత నుంచి ముదురుకి వెళ్లాలి. ఈ ఒక్క ముక్క పిల్లలకి పట్టుబడటానికి మూడు రోజులు పట్టింది. నాకైతే ఆరు నెలలు పట్టింది.

మొదటి రెండు రోజులూ బ్రష్షులు ముట్టుకోనివ్వలేదు. పెన్సిలే. "చోటా భీమ్ గియ్యి అన్నియ్యా" అని ఒకటే పోరు. చూసి కాపీ కొట్టే బొమ్మలు వద్దన్నాను. అలాగని పర్‌స్పెక్టివ్, వానిషింగ్ పాయింట్ అంటూ మొదలెడితే లేచిపోతారు. ఏం చెయ్యాలా అనుకుంటుంటే వాకిట్లో మా పిన్ని కూతురు వేసిన ముగ్గు కనబడింది. ఏడు చుక్కలు, సరి చుక్క, నాలుగు వరసలు. తొమ్మిదేళ్ల పిల్ల, స్కేలు లేకుండా చుక్కల మధ్య దూరం కొలిచినట్టు పెట్టింది! మనం గ్రిడ్ అనేది అదే కదా. అప్పుడు కాగితం మీద కూడా లేతగా చుక్కలు పెట్టించి, ఎదురుగా మామిడికాయ పెట్టి, "ఎడమ అంచు ఏ చుక్క దగ్గర? తొడిమ ఏ చుక్క దగ్గర?" అని అడిగాను. ముగ్గులు తెలిసిన ఆడపిల్లలు పది నిమిషాల్లో గీసేశారు. మగపిల్లలు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది, కాస్త మూతి ముడుచుకుంటూనే.

మూడో రోజు నీళ్లు. బొమ్మలేమీ లేవు, ఆటే. కాగితం సగం తడిపి, సగం పొడిగా వదిలి, రెండుచోట్లా ఒక్కో నీలం చుక్క. పొడిచోట చుక్క చుక్కలానే ఉంది. తడిచోట పువ్వులా విచ్చుకుంది. ఏడుగురూ ఒకేసారి "ఓ!" అన్నారు. దానికి పసుపు చుక్క తగిలిస్తే మధ్యలో ఆకుపచ్చ పుట్టింది. ఎవరూ కలపలేదు, అవే కలిసిపోయాయి.

రంగు ఎలా తయారవుతుందో కూడా అప్పుడే చెప్పాను. మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని కాగితానికి పట్టి ఉంచడానికి తుమ్మ జాతి చెట్ల బంక. ప్రధానంగా అంతే. బంక నీళ్లలో కరుగుతుంది కాబట్టే ఎండిన బిళ్ల మీద తడి బ్రష్ రుద్దితే రంగు మళ్లీ లేస్తుంది. తుమ్మబంక తెలియని పిల్లాడు మా ఊళ్లో ఎవడుంటాడు? మర్నాడు ఒకడు జేబులో పెట్టుకుని వచ్చేశాడు, రంగు తయారుచేద్దామని. చేశాం కూడా. పసుపు, బంక, నీళ్లు. ఎండిపోయాక కాస్త పెచ్చులూడింది గానీ వాడి ఆనందానికి అడ్డులేదు. అప్పుడు వాళ్లకి మన జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మల సంగతి చెప్పాను. ఆకులు, వేర్లు, గింజల నుంచి తీసే సహజరంగులని ఆ బొమ్మలకి మళ్లీ అలవాటు చేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

మన ఈసీఈ, మెకానికల్ వాళ్ల కోసం ఒక చిన్న పక్కదారి. ఎండిన రంగు చుక్క అంచు మధ్యభాగం కంటే ముదురుగా ఉంటుంది, గమనించారా? కాఫీ గ్లాసు కింద పడే మరక లాంటిదే. చుక్క అంచు కాగితానికి పట్టుకుని కదలదు. అంచు దగ్గర నీరు తొందరగా ఆవిరవుతుంది. ఆ లోటు భర్తీ చెయ్యడానికి మధ్యలోని నీరు అంచుకి ప్రవహిస్తూ రంగు రేణువుల్ని మోసుకుపోతుంది. షికాగో యూనివర్సిటీ వాళ్లు 1997లో దీన్ని నేచర్ పత్రికలో వివరించారు. మే నెలలో చోడవరం ఎండకి ఈ ప్రయోగం మరీ వేగంగా జరిగిపోతుంది. అందుకే పొద్దున్న ఏడున్నరకి కూర్చుని తొమ్మిదిన్నరకి ఆపేసేవాళ్లం. ఫ్యాన్ కూడా ఆపేయాలి. లేకపోతే ఆకాశం సగం వేసేసరికి పై సగం ఎండిపోయి చార పడుతుంది.

ఆకాశం వెయ్యడానికి అట్ట కింద ఒక రికార్డు బుక్ ఎత్తు పెట్టి వాలుగా ఉంచాలి. పైన ముదురు నీలంతో ఒక అడ్డగీత, దాని కింది తడిని పట్టుకుని ఇంకొంచెం నీళ్లు కలిపి ఇంకో గీత, అలా కిందికి వచ్చేసరికి ఉత్త నీళ్లు. వెనక్కి వెళ్లి దిద్దకూడదు. పెద్దవాళ్లకి కష్టమైన పని ఇదే. పిల్లలకి కాదు, వాళ్లకి వెనక్కి చూసే ఓపికెక్కడిది?

నాలుగో రోజు నుంచి కొండలు. మా డాబా ఎక్కితే చెరుకు తోటలు, తాటిచెట్లు, వాటెనక మాడుగుల వైపు తూర్పు కనుమలు కనిపిస్తాయి. దగ్గరి కొండ పచ్చగా, దాని వెనకది నీలంగా, ఆ వెనకది ఉందో లేదో అన్నట్టు. మధ్యలో గాలి ఎక్కువయ్యేకొద్దీ ఆ గాలి చెదరగొట్టే నీలికాంతి మన కంటికి ఎక్కువ చేరుతుంది కాబట్టి అలా కనబడతాయి. బొమ్మలో మూడు పొరలు చాలు: దూరపు కొండ చాలా నీళ్లతో, ఎండాక మధ్యది, ఎండాక దగ్గరిది. "ఎండాక" అన్నమాట రోజుకి నలభైసార్లు చెప్పి ఉంటాను. ఎండే లోపు కథలు. వడ్డాది పాపయ్య గారి గురించి అలాగే చెప్పాను. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, చందమామకి ఎన్నో ముఖచిత్రాలు వేసిన వపా మన అనకాపల్లి పక్కనున్న కశింకోటలోనే ఉండేవారంటే ఎవరూ నమ్మలేదు. "కశింకోటా? మా మావయ్యోళ్ల ఊరది!" అన్నాడొకడు. రాజమండ్రి దామెర్ల రామారావు గారు 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయారని చెప్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయన నీటిరంగుల బొమ్మలు ఫోన్లో చూపించాను.

ఇప్పుడు నేను బోల్తా పడ్డ సంగతి.

ఐదో రోజు, పక్కింటి పాప, నాలుగో తరగతి, తన కొండకి ఎర్రరంగు వేస్తోంది. నేను ఆ పూటంతా నీలం గురించే చెప్పాను. అందరికీ కుదిరింది, ఈ పిల్లకే ఎక్కలేదనుకున్నాను. "అలా కాదమ్మా, ఇటివ్వు" అని బ్రష్ తీసుకుని, ఎరుపుని తడిగుడ్డతో ఒత్తి తీసేసి, పైన నీలం వేసేశాను. ఎరుపు పూర్తిగా పోలేదు కాబట్టి అదొక బురద ఊదా అయ్యింది. "చూశావా, ఇప్పుడు కొండలా ఉంది" అన్నాను కూడా. పాప ఏమీ అనలేదు. టేపు పీకి, తడి కాగితాన్నే నాలుగు మడతలు పెట్టి, గౌను జేబులో కుక్కుకుని వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. ఆ మర్నాడూ రాలేదు. వాళ్ల తమ్ముణ్ణి అడిగాను.

"అది అన్నియ్య ఏసిన బొమ్మంట. దాంది కాదంట. ఇంక రానంది."

చెప్పొద్దూ, నాకు స్కూల్ గుర్తొచ్చింది. మా టైంటేబుల్లో వారానికి ఒక డ్రాయింగ్ పీరియడ్ ఉండేది, అది ఎప్పుడూ లెక్కల మాస్టారే తీసుకునేవారు. ఏడో తరగతిలో నోటుబుక్ వెనక నేను వేసుకున్న ఎడ్లబండి పేజీని ఒకాయన చింపి అందరికీ చూపించారు. ఆ తర్వాత హాస్టల్‌కి వచ్చేదాకా నేను బొమ్మ వెయ్యలేదు. ఆయన మీద ఇన్నేళ్లు కోపం పెట్టుకున్నాను. నేను చేసింది దానికంటే ఎంత తక్కువ?

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పాప వాళ్లమ్మ వెనక నిలబడింది. "నీ కొండ ఎందుకు ఎర్రగా ఉందో నేనడగలేదు. ఇప్పుడడుగుతున్నా, చెప్తావా?" అన్నాను. చాలాసేపు చెప్పలేదు. వాళ్లమ్మ లోపలికెళ్లాక చెప్పింది. మాడుగుల అవతల వాళ్ల అమ్మమ్మగారి ఊరు. వేసవిలో అక్కడ కొండమీద నిప్పంటుకుంటుంది, రాత్రిపూట ఎర్రటి గీతలా పాకుతూ కనబడుతుంది. మొన్న వెళ్లినప్పుడు అమ్మమ్మ పక్కన మంచం మీద పడుకుని చూసిందట. "పొద్దున్న కొండ నీలంగానే ఉంటాది. నాను రాత్రి కొండ ఏసేను" అంది.

కొండమంట నేనూ చూశాను, చిన్నప్పటి నుంచీ. బొమ్మగా వెయ్యాలని నాకెప్పుడూ తట్టలేదు.

మర్నాడు వచ్చింది. ఇక అసలు చిక్కు: చీకటి మీద మంట వెయ్యడం ఎలా? తెల్లరంగు లేదు. ముదురు మీద పసుపు నిలవదు. నేను చెప్పేలోపే మా పిన్ని కూతురు అంది, "ముందు మంట ఎయ్యాలి, తర్వాత రాత్రి ఎయ్యాలి." నిజమే, లేత నుంచి ముదురుకి. కానీ రాత్రి వేసేటప్పుడు మంట మీదకి వెళ్లకుండా బ్రష్ తిప్పడం ఆ చేతులకి కష్టం. అప్పుడు కరెంటు పోతే వాడే కొవ్వొత్తి ముక్క గుర్తొచ్చింది. ముందు కొండ అడుగున పసుపు, తడి ఆరకముందే అంచుల్లో ఎరుపు తగిలించి వదిలేశాం. పూర్తిగా ఎండాక మంట ఉన్నచోటల్లా కొవ్వొత్తితో గట్టిగా రుద్దింది. మైనం ఉన్నచోట నీళ్లు నిలవవు కదా. ఆ తర్వాత నీలంలో కాస్త ముదురు గోధుమరంగు కలిపి (దాచిన నల్ల బిళ్ల అడిగింది, ఇవ్వలేదు, ఇలా కలిపితే ఇంకా మంచి చీకటి వస్తుంది) లావు బ్రష్‌తో కాగితమంతా ఒకేసారి లాగేసింది. నీలం మైనం మీద నుంచి జారిపోయి, చీకట్లో మంట గీత ఒక్కటే మిగిలింది. మైనం సరిగ్గా పట్టనిచోట చిన్న చిన్న నల్లమచ్చలు పడ్డాయి. అవి కాలిన చెట్లలా ఉన్నాయి. అది ఎవరి గొప్పా కాదు, డ్రాయింగ్ షీటు గరుకుదనం.

మిగతా ఆరుగురూ వాళ్ల నీలికొండలు పక్కన పడేసి కొవ్వొత్తి కోసం ఎగబడ్డారు. తర్వాతి రెండు రోజులూ మా ఇంట్లో అన్నీ రాత్రులే: దీపావళి, స్వయంభూ వినాయకుడి గుడి దగ్గర సీరియల్ లైట్లు, చెరుకు లారీ హెడ్‌లైట్లు.

పదో రోజు అన్నిటినీ తాడుకి క్లిప్పులతో డాబా మెట్ల దగ్గర వేలాడదీశాం. అమ్మలూ నాన్నలూ వచ్చారు, మా మామ్మ అందరికీ తాటిముంజలు పెట్టింది. రాత్రికొండ బొమ్మలో ఒక మూల ఆకాశంలో తడి చార పడి ఉంది. కొంచెం నీళ్లతో సర్దితే పోతుంది. నా చెయ్యి దానివైపు వెళ్లిందేమో నాకు తెలీదు గానీ, పక్కనుంచి గొంతు వినబడింది.

"అన్నియ్యా, ముట్టుకోవు కదా?"

చేతులు జేబులో పెట్టుకున్నాను.