రిటర్న్ వాల్వు కారుతోందా? బోరు నీళ్లు జాగ్రత్త!

డ్రిప్పు ద్వారా యూరియా వదులుతున్నారనుకోండి. వెంచూరి గొట్టం డ్రమ్ములో ఉంది. సగం డ్రమ్ము అయిందో లేదో కరెంటు పోయింది. వచ్చేదాకా చూద్దాంలే అని చెట్టు కింద కూర్చున్నారు. ఇప్పుడు డ్రమ్ములో మిగిలిన ఎరువు నీళ్లు ఎటు పోతాయి? బోరు దగ్గర బిగించిన నాన్ రిటర్న్ వాల్వు బాగుంటే వెనక్కి రావు. అది కారుతుంటే మాత్రం బోరులోకే దిగుతాయి. తెల్లారితే ఆ బోరు నీళ్లనే బిందెల్లో ఇంటికి తీసుకెళతాం. పశువుల తొట్టీ ఆ నీళ్లతోనే నింపుతాం.

వెనక్కి ఎందుకు వస్తాయి?

మోటారు ఆగగానే బోరు పైపులోని నీళ్లు కిందికి జారాలని చూస్తాయి. జారుతూ వెనక ఉన్న నీళ్లను కూడా లాక్కుపోతాయి. పొలం మెరకలో ఉంటే లైనులోని నీళ్ల బరువు కూడా దీనికి తోడవుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారుకు లోపల ఒక వాల్వు ఉన్న మాట నిజమే. కానీ అది ఎప్పుడు అరిగిందో పైనున్న మనకు తెలియదు. అందుకే పైన, బోరుకూ వెంచూరికీ మధ్య, మరో వాల్వు తప్పనిసరి. వెంచూరి దాటాక బిగిస్తే బోరుకు రక్షణ ఉండదు.

నీళ్లు వెనక్కి పోతుంటే మోటారు కూడా ఎదురు తిరుగుతుంది. ఆ సమయంలో కరెంటు వచ్చి ఆటో స్టార్టరు పట్టుకుంటే షాఫ్టు విరిగే ప్రమాదం ఉంది.

కారే కుళాయికి మూత బిగించవద్దు

రిటర్న్ వాల్వుకూ బోరుకూ మధ్య పైపు అడుగున అర అంగుళం కుళాయి ఒకటి, పైన ఎయిర్ వాల్వు ఒకటి పెట్టించుకోండి. మోటారు ఆగినప్పుడు ఎయిర్ వాల్వు గాలిని లోపలికి వదులుతుంది. దాంతో బోరు లాగే లాగుడు తెగిపోతుంది. మోటారు ఆపాక కింది కుళాయి తెరిస్తే పైపులో ఉన్న నీళ్లు కాసేపు కారి ఆగిపోవాలి. ఆగకుండా కారుతూనే ఉంటే రిటర్న్ వాల్వు సరిగా మూసుకోవడం లేదని అర్థం.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. నీళ్లు వృథా అవుతున్నాయని కుళాయికి మూత బిగించేస్తారు. కారడం ఆగుతుంది గానీ జబ్బు తగ్గదు. బయట పడాల్సిన ఎరువు నీళ్లు బోరు దారి పడతాయి. కుళాయి కారుతోందంటే లోపలి వాల్వు పాడైందని మనకు చెబుతోందన్నమాట. దాని నోరు మూయకండి, వాల్వు విప్పి చూడండి.

పొలం పల్లంలో ఉంటే ఈ పరీక్షలో లోపం బయటపడకపోవచ్చు. అప్పుడు వాల్వును విప్పి, నీళ్లు బయటికి పోయే వైపు పైకి ఉండేలా నిలబెట్టి, అందులో నీళ్లు పోయండి. ఐదు నిమిషాలు చూడండి. అడుగున చుక్కలు రాలితే బాగుచేయాల్సిందే.

బాగు చేసుకోవడం ఇలా

ముందు ఫ్యూజులు తీసేయండి. లైనులో ఒత్తిడి పోయేదాకా కుళాయి తెరిచి ఉంచండి. ఆ తర్వాతే బోల్టులు విప్పాలి.

* రెక్క కింద ఇసుక, తుప్పు, పుల్ల ఇరుక్కుని ఉంటే శుభ్రంగా కడగాలి. ఎక్కువ లీకులు దీనితోనే పోతాయి.
* రబ్బరు వాషరు గట్టిపడినా, గాడి పడినా కొత్తది వేయాలి. సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి వేస్తే ఆ పూటకు నడుస్తుందేమో గానీ, దాన్ని నమ్మి ఎరువు వదలకూడదు.
* స్ప్రింగు రకమైతే స్ప్రింగు విరిగిందేమో, వదులైందేమో చూడాలి.
* బాడీ పగిలినా, రెక్క కూర్చునే అంచు తినేసినా వాల్వు మార్చడమే మేలు. పైపు సైజుకు సరిపోయేదే కొనాలి.
* బిగించేటప్పుడు వాల్వు మీది బాణం గుర్తు పొలం వైపు ఉండాలి. రెక్క రకాన్ని అడ్డంగా గానీ, నీళ్లు పైకెక్కే నిలువు పైపులో గానీ బిగించాలి. నీళ్లు కిందికి దిగే పైపులో అది పనిచేయదు.

ఎరువు వదిలే రోజు

ఇంటికి కావలసిన నీళ్లు, పశువుల తొట్టి ముందే నింపుకోండి. మొదట పది, పదిహేను నిమిషాలు ఉత్త నీళ్లు పారించి, తర్వాత ఎరువు వదలండి. చివర మళ్లీ అంతసేపు ఉత్త నీళ్లు వదిలి లైను కడగండి. మోటారు ఆపకముందే వెంచూరి గొట్టం కుళాయి కట్టేయాలి. కరెంటు పోతే మొట్టమొదట చేయాల్సిన పని కూడా అదే. అందుకే ఎరువు వదులుతూ డ్రమ్మును వదిలి ఊళ్లోకి పోవద్దు.

డ్రమ్ములో మిగిలిన యూరియా నీళ్లు పశువుల నోటికి అందనీయకండి. అవి తాగిన పశువు కడుపు ఉబ్బి, వణికి, నురగ కక్కి గంటల్లోనే ప్రాణం విడవవచ్చు. అనుమానం వస్తే వెంటనే పశువైద్యుడిని పిలవండి.

ఎరువు బోరులోకి దిగిందని తెలిస్తే ఆ నీళ్లు తాగడం వెంటనే మానేయండి. మోటారు వేసి నీళ్లు పొలానికే పారించండి. ఎరువు పైరుకే పోతుంది కాబట్టి నష్టమేమీ లేదు. తర్వాత తాగునీటి పరీక్ష చేయించండి. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అది మించిన నీళ్లతో పాలు కలిపి పడితే ఆరు నెలల లోపు పసిబిడ్డల ఒళ్లు నీలంగా మారి, ప్రాణం మీదికి రావచ్చు. కాచినా నైట్రేటు పోదన్న సంగతి ఇంట్లో ఆడవాళ్లకు తప్పక చెప్పండి.

వాషరు ఖరీదు కొద్దిపాటిదే. పంటకు ముందు ఒకసారి, ఎరువు వదిలే ప్రతిసారీ ముందు ఒకసారి ఆ కుళాయి తెరిచి చూడండి. బోరులో పడేది మన బిందెలోకే వస్తుంది.