తేనెటీగకు కనపడే బొట్టు

పొద్దుతిరుగుడు చేను పూతకొచ్చింది. చేనంతా పసుపు ఆరబోసినట్టుంది. తెల్లవారితే మందు కొట్టాలి. పెద్దమ్మ మందు పంపు కడుగుతోంది. కాలేజీలో చదివే చెల్లెలి కూతురు రెండు ఫోటోలు తెచ్చింది.

"పెద్దమ్మా, ఇవి ఏం పూలో చెప్పు."

మొదటి ఫోటోలో రేకులన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. రెండోది నలుపు తెలుపు ఫోటో. అందులో రేకుల కొసలు తెల్లగా, మొదళ్లు నల్లగా ఉన్నాయి.

"ఒకటి మన పొద్దుతిరుగుడులా ఉంది. రెండోది ఏందో తెలీదమ్మా."

"రెండూ ఒకటే పువ్వు పెద్దమ్మా!"

అది రడ్‌బెకియా అనే అడవి పువ్వు. ఉత్తర అమెరికా బీళ్లలో పూస్తుంది. పొద్దుతిరుగుడుకు చుట్టం. పొద్దుతిరుగుడు పుట్టిల్లు కూడా ఉత్తర అమెరికాయే.

ఒకే పువ్వు రెండు రకాలుగా ఎలా కనపడింది?

ఎండలో మన కంటికి కనపడని వెలుగు కూడా ఉంటుంది. దాని పేరు అతినీలలోహిత కాంతి. పేరు పెద్దది. కూడబలుక్కుని చదవండి: అతి - నీల - లోహిత. ఈ వెలుగు తేనెటీగకు కనపడుతుంది. మనకు కనపడే ఎరుపు మాత్రం దానికి సరిగా కనపడదు.

మొదటి ఫోటో మామూలుగా తీస్తారు. కెమెరాను స్టాండు మీంచి కదపరు. తరువాత కెమెరా కంటికి నల్లటి అద్దం తొడుగుతారు. ఆ అద్దం మనకు కనపడే వెలుగును ఆపుతుంది. అతినీలలోహిత కాంతిని లోపలికి పోనిస్తుంది. మామూలు కెమెరా లోపల ఈ కాంతిని ఆపే పొర ఉంటుంది. ముందే దాన్ని తీసేయించాలి. ఈ కాంతి కెమెరాకు తక్కువగా అందుతుంది. అందుకే ఫోటోకు ఎక్కువసేపు పడుతుంది. గాలికి పువ్వు ఊగితే ఫోటో చెదిరిపోతుంది.

రేకుల మొదళ్లలో ఫ్లేవనాల్ అనే పదార్థాలు ఉంటాయి. అవి ఈ కాంతిని పీల్చుకుంటాయి. అందుకే అక్కడ నల్లగా కనపడుతుంది. ఈ సంగతిని అమెరికా శాస్త్రవేత్తలు 1972లో తెలిపారు.

"నుదుట బొట్టులాగా ఉందే!" అంది పెద్దమ్మ.

"అవును పెద్దమ్మా. తేనె ఇక్కడుందని తేనెటీగకు చూపే గుర్తు అది. మన పొద్దుతిరుగుడుకూ ఇట్లాంటి బొట్టు ఉంది."

తేనెటీగ తేనె కోసం వస్తుంది. దాని ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. అది ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేరుతుంది. అప్పుడే గింజ బాగా పడుతుంది. తేనెటీగలు రాకపోతే తాలు గింజలు ఎక్కువవుతాయి.

పెద్దమ్మ పంపు పక్కన పెట్టింది.

"పూలు బొట్టు పెట్టుకుని పిలుస్తున్నాయి. వచ్చిన చుట్టానికి మనం విషం పెడతామా? రేపు పొద్దున మందు వద్దని మీ పెదనాన్నకు చెబుతా. ముందు పురుగు ఎంత ఉందో చూద్దాం. తప్పదంటే సాయంత్రం, తేనెటీగలు గూటికి పోయాకే కొట్టాలి."

ఆలోచించండి, చెప్పండి

1. తేనెటీగకు కనపడి మనకు కనపడని కాంతి ఏది?
2. రెండో ఫోటో తీసేటప్పుడు కెమెరాకు ఏం తొడుగుతారు?
3. మీ ఊళ్లో పూత మీదున్న పైరుకు మందు ఏ వేళ కొడుతున్నారు?